పొట్టి కట్టె నీడ

ఈసారి ఎండాకాలం సెలవులకు మా అమ్మాయి తన ఏడేళ్ళ కూతురిని నా దగ్గర దింపి పోయింది. బీరంగూడలో మాది రెండు గదుల ఇల్లు, ముందర పదకొండడుగుల వెడల్పూ పద్నాలుగడుగుల పొడవూ ఉన్న ఖాళీ జాగా, దానికి మూడు పక్కలా పక్కవాళ్ళ గోడలు. పొద్దుటి పూట పిల్ల టీవీ ముందు నుంచి కదలదు. కానీ రోజూ పదకొండు దాటాక కరెంటు పోతుంది, ఇక అప్పటి నుంచి నా కొంగు పట్టుకుని వెంట తిరుగుతూ, మీ చిన్నప్పుడు టీవీ లేదు కదా, మరి ఎండాకాలమంతా ఏం చేసేవాళ్ళు అని అడుగుతుంది. నేను బట్టలు కుట్టేదాన్ని, ముప్పై ఏళ్ళుగా కొలతలతోనే నా బతుకు, కాబట్టి ఆ ప్రశ్నకు కూడా లెక్కపెట్టే జవాబు చెప్పాను. చింతగింజలతో ఆడేవి నాలుగు, తాటాకుతో చేసేవి మూడు, మామిడి టెంకతో ఒకటి, మట్టితో ఎన్నైనా. వారం రోజుల్లో అవన్నీ నేర్పాను. ఒక్కటి మాత్రం నేర్పలేదు, మొన్నటిదాకా దాని ఊసే ఎత్తలేదు. పిల్లకు చెప్పనిది మన ఈడు వాళ్ళకు చెప్పుకోవచ్చు అనిపించి ఇది రాస్తున్నాను.

మా అమ్మ పుట్టిల్లు ఇస్నాపూరు. మేము సంగారెడ్డిలో ఉండేవాళ్ళం, ఎండలు ముదిరే వేళకు అమ్మ నన్నూ తమ్ముడినీ బస్సులో తీసుకొచ్చి అమ్మమ్మ దగ్గర వదిలేసి వెనక్కి పోయేది. నేను చెప్పేది యాభైల్లోని ఒక ఎండాకాలం సంగతి. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి అయిదు. మా తాత ఊరి నీరడి, అంటే చెరువు తూము ఎత్తి దించి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసే మనిషి. ఆయన దగ్గర గడియారం ఉండేది కాదు. ఎండలో నిలబడి తన నీడ కొస ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకుని, అక్కడి దాకా మడమకు బొటనవేలు తగిలేలా అడుగులు వేస్తూ పోయి, ఇన్ని అడుగులైంది కాబట్టి ఇంత పొద్దయింది, ఇక ఈ మడి చాలు, ఆ మడికి మళ్ళించు అనేవాడు. నీళ్ళ దగ్గర రైతులు ఎంత పోట్లాడుకున్నా తాత నీడ లెక్కను కాదన్నవాణ్ణి నేను చూడలేదు.

ఆ ఏడు చెరువు తొందరగా ఎండిపోయింది. పంచడానికి నీళ్ళు లేక, చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం తెలియక, తాత మా ఇద్దరికీ తన విద్య నేర్పడం మొదలుపెట్టాడు. మొదట చెప్పిన సంగతి ఏమిటంటే, ఎంత పెద్దవాడైనా ఎంత చిన్నవాడైనా ఎవరి పాదంతో వాళ్ళను కొలిస్తే ఆరున్నర అడుగులే ఉంటారట. ఆ మాట మీద నాకు నమ్మకం కలగక నాలుగు రోజులు ఊరి మీద పడి దొరికినవాళ్ళందరినీ కొలిచాను. పక్కింటి దర్జీ సాయిబు కాలు చాపి కూర్చుని, “ఏం బిడ్డా, పాదం కొలుస్తున్నవు, నాకు అంగీ కుడతవా, జోళ్ళు కుడతవా?” అని నవ్వాడు. మొత్తం పందొమ్మిది మందిని కొలిస్తే పదిహేడు మంది ఆరున్నరకు అటూ ఇటూ గింజెడంత తేడాలో ఉన్నారు. లోకంలో ఇలాంటి లెక్క ఒకటి దాగి ఉంటుందని తెలిసినప్పటి ఆ ఒళ్ళు జలదరింపు నాకు ఇప్పటికీ గుర్తు.

తర్వాత తాత వావిలి కట్టెలు మూడు కోసుకొచ్చాడు, మూడూ బొటనవేలంత లావువి. ఒకటి తన ఎత్తు, ఒకటి నా ఎత్తు, ఒకటి తమ్ముడి ఎత్తు. వాకిట్లో మూడింటినీ నిట్టనిలువుగా పాతి, ఒక్కొక్కదాని మొదలు నుంచి ఉత్తరానికీ దక్షిణానికీ నేల మీద గీత గీశాడు. నీడ వచ్చి ఆ గీత మీద పడుకున్నప్పుడు మిట్టమధ్యాహ్నం అన్నమాట, అప్పుడు నీడ కొస దగ్గర ఒక చింతగింజ నాటాలి. రోజుకు ఒక్కో కట్టెకు ఒక్కో గింజ. కొలవడానికి తాటాకు పట్టీ మీద తన వేలి వెడల్పున గీతలు పెట్టి ఇచ్చాడు. మొదటి రోజు తాత కట్టె నీడ ఇరవై వేళ్ళు, నాది పద్నాలుగు, తమ్ముడిది పదకొండు, మూడూ ఉత్తరం వైపే. రోజులు గడిచేకొద్దీ గింజలు చీమల బారుల్లా ఒకదాని వెనక ఒకటి కట్టెల మొదళ్ళ వైపు నడుస్తూ వచ్చాయి.

అమ్మమ్మకు ఈ ఆట గిట్టేది కాదు. మిట్టమధ్యాహ్నం పిల్లలు వాకిట్లో ఉండకూడదని ఆమె పట్టు. ఆ వేళ ఊరు ఎలా ఉండేదో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వీధిలో మనిషి ఉండడు, కోళ్ళు నోళ్ళు తెరుచుకుని గోడ వారన కదలకుండా నిలబడతాయి, కుక్కలు కూడా మొరగవు, ఎవరో వచ్చి ఊరందరినీ పేరుపేరునా పిలుచుకుపోయినట్టు ఉంటుంది. మా గింజలు కట్టెలకు దగ్గరవుతున్నాయని చూసి అమ్మమ్మ ఒకరోజు గడపలో నిలబడి, “నీడ పడనిది మనిషి గాదు. మనుషులల్ల ఉండదు. గసుంటి ఆట ఆడొద్దు బిడ్డా,” అంది. తాత నవ్వాడు. నేను మాత్రం ఆ మాటను మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

అప్పటికి నాకు భాగహారం రాదు. మూడో తరగతితో బడి మానిపించారు. అయినా ఆ గింజలను చూస్తూ చూస్తూ ఒక సంగతి పట్టుకున్నాను. తమ్ముడి నీడ మూడు రోజులకు ఒక వేలు తరుగుతోంది, అంటే పదకొండు వేళ్ళు తరగడానికి ముప్పై మూడు రోజులు. నాది అయిదు రోజులకు రెండు వేళ్ళు, అంటే ముప్పై అయిదు. తాతది రెండు రోజులకు వేలు కంటే కాస్త ఎక్కువ, అంటే ముప్పై ఎనిమిది దగ్గర. ఎవరూ నేర్పకుండా నేను కట్టిన మొదటి లెక్క అది. ఊరంతా చాటుకోవాలన్నంత గర్వం కలిగింది. ముప్పై మూడో రోజున నిద్రపోతున్న తమ్ముడిని లేపి మరీ వాకిట్లోకి తీసుకుపోయాను.

నా లెక్క తప్పలేదు. తాత కట్టెకూ నా కట్టెకూ కాస్త కాస్త నీడ మిగిలి ఉంది, తమ్ముడి కట్టెకు మాత్రం లేదు. నేల మీద పాతినట్టు కాక, ఎవరో పైనుంచి వేలాడదీసినట్టు ఉందది. తమ్ముడు తన నీడ కోసం తన చుట్టూ తానే తిరిగాడు. ఎగిరాడు, కూర్చున్నాడు, ఒంటి కాలి మీద నిలబడి పాదం కిందకు చూసుకున్నాడు. కాళ్ళ దగ్గర నల్లటి గుడ్డపేలికంత తప్ప ఏమీ లేదు. వాడికది తమాషాగా ఉండి ఎంతసేపటికీ లోపలికి రాలేదు, నేనూ పిలవలేదు. నా లెక్క నిజమైన సంబరంలో నేను గింజ నాటుతూ, పట్టీతో మళ్ళీ మళ్ళీ కొలుస్తూ కూర్చున్నాను.

సాయంత్రానికి వాడి ఒళ్ళు పెనంలా కాలిపోయింది. వడదెబ్బ అన్నారు. అమ్మమ్మ ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకు రాసింది, చింతపండు నీళ్ళు తాగించింది, తడిగుడ్డ కప్పింది. సంగారెడ్డి పోయే బస్సు డ్రైవరుకు చెప్పి అమ్మకు కబురు పంపారు. మర్నాటికి వాడు కళ్ళు తెరిచాడు గాని మమ్మల్ని చూడలేదు. నులకమంచం పట్టె మీదుగా తల వాల్చి కింద నేల మీద ఏదో వెతకసాగాడు. ఏం కావాలి కొడుకా అని అమ్మమ్మ అడిగితే, “నాది ఏడబాయె?” అన్నాడు. ఏదిరా అంటే మళ్ళీ అదే వెతుకులాట. వాడు దేని కోసం వెతుకుతున్నాడో ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

ముప్పై అయిదో రోజు మధ్యాహ్నం నా కట్టె నీడ కూడా పోయింది. వరుస స్పష్టంగా కనిపించింది నాకు, మొదట వాడు, తర్వాత నేను, ఆ తర్వాత తాత. నా గురించి భయపడ్డానో లేదో గుర్తు లేదు. వాణ్ణి ఎండలోకి తీసుకుపోయింది నేను, ఏ రోజు నీడ పోతుందో లెక్కకట్టింది నేను, నేను కట్టకపోతే ఆ రోజు వచ్చేదే కాదేమో అన్నది నా దుఃఖం. తాత మంచం దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కుపోయి అంతా చెప్పేశాను, అమ్మమ్మ అన్న మాటతో సహా.

తాత నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మూడు కట్టెలనూ ఒకదాని తర్వాత ఒకటి చూసి, నీళ్ళ మళ్ళింపు దగ్గర రైతును అడిగినట్టుగా అడిగాడు.

“వానిది ఎన్ని వేళ్ళు?”

“ఏం లేదు తాతా.”

“నాది?”

“ఒక్క వేలు.”

అంతే, వంగి తమ్ముడి పొట్టి కట్టెను రెండు చేతులా పట్టి పెరికాడు, తన పొడుగు కట్టెనూ పెరికాడు, దాన్ని దీని గుంటలో, దీన్ని దాని గుంటలో పాతి, కాలితో మట్టి తొక్కి గట్టిపరిచాడు. ఎండలో ఆయన ముఖం మీద చెమట కారుతోంది. “ఇగ సూడు బిడ్డా, గా పొడుగుది వానిది, గీ పొట్టిది నాది. ఇచ్చిపుచ్చుకున్నం. నువ్వే సాక్షం, నీ లెక్కల గట్లనే పెట్టుకో,” అన్నాడు. ఊరి మడుల నీళ్ళు అటు నుంచి ఇటు మళ్ళించే మనిషి అన్న మాట కాబట్టి నాకు అది మారు లేని తీర్పులాగే వినిపించింది. తమ్ముడి గుంటలో నిలబడ్డ పొడుగు కట్టెకు వేలెడు నీడ పడింది. నేను దాని కొసన గింజ నాటాను.

అమ్మ ఆ సాయంత్రమే వచ్చింది. పటాన్‌చెరువు నుంచి వైద్యుడు రెండుసార్లు వచ్చి మందిచ్చాడు. జ్వరం దిగలేదు. ముప్పై ఎనిమిదో రోజుకు ఆ పొడుగు కట్టె నీడ కూడా పోయింది. నేను పరుగున పోయి తాతకు చెబితే, ఆయన విసరడం ఆపకుండా, పొడుగు కట్టె నీడ అందరికంటే ఆఖరున పోతుందనీ అందరికంటే ముందు తిరిగి వస్తుందనీ, అది తాను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదేననీ, గింజలు పెట్టడం మాత్రం ఆపొద్దనీ మెల్లగా చెప్పాడు.

తర్వాతి ఆరు రోజులు ఎలా గడిచాయో రాయడం కష్టం. మధ్యాహ్నం వాకిట్లో మూడు కట్టెలు నిలబడి ఉండేవి, మూడింటికీ నీడ లేదు. గోడలకు లేదు, పొయ్యి గట్టుకు లేదు, తలుపు గొళ్ళేనికి లేదు. వీధిలో ఒక ఆడమనిషి బిందె ఎత్తుకుని పోతుంటే ఆమె పాదాలు నేలకు ఆనుతున్నాయా లేదా అని నేను వంగి చూశాను. ఒకరోజు చేద వేయడానికి బావిలోకి తొంగిచూస్తే, ఎప్పుడూ చీకటిగా ఉండే ఆ బావి అడుగు దాకా వెలిగిపోతోంది, అడుగున ఉన్న మోకాలి లోతు నీళ్ళలో సూర్యుడు కన్ను మూయకుండా నన్నే చూస్తున్నాడు. తాడు వదిలేసి ఇంట్లోకి పరుగెత్తాను. అన్నీ ఉన్నాయి, దేనికీ నీడ లేదు. అమ్మమ్మ మాట ప్రకారం ఆ ఆరు రోజులూ ఆ ఊళ్ళో మనుషులెవరూ లేరన్నమాట.

ఆరు రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం తమ్ముడి పొడుగు కట్టె మొదట్లో గోరంత నీడ మొలిచింది. మొలిచింది గాని ఉత్తరాన కాదు, దక్షిణాన. నలభై నాలుగు రోజుల్లో ఒక్కనాడూ అటు పడనిది ఆనాడు అటు పడింది. దక్షిణం ఎవరి దిక్కో తొమ్మిదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. గింజ చేతిలో పట్టుకుని పెట్టాలా వద్దా అని నిలబడి ఉండగా లోపలి నుంచి అమ్మ కేక వినిపించింది. వెళ్ళి చూస్తే తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చుని, గంజి వద్దు, మామిడికాయ తొక్కుతో అన్నం పెట్టమని పేచీ పెడుతున్నాడు.

మరో అయిదు రోజులకు తాత గుంటలోని పొట్టి కట్టెకు కూడా నీడ వచ్చింది, అదీ దక్షిణానికే. అమ్మమ్మ ఆ వైపు గింజలు చూసి చీపురుతో ఊడ్చేసింది. తాత ఒక్కొక్కటే ఏరి మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు. నీడ దక్షిణానికి పోయేది నీళ్ళు తేవడానికేననీ, శ్రావణంలో చెరువు నిండే వేళకు మళ్ళీ ఉత్తరానికి వస్తుందనీ నాతో అన్నాడు. మేము సంగారెడ్డి బయల్దేరేనాటికి తమ్ముడు వీధి చివర దాకా పరుగెత్తగలుగుతున్నాడు, తాత కట్టె నీడ దక్షిణానే ఉంది.

ఆషాఢంలో కబురొచ్చింది. మంచి వాన పడి చెరువులోకి నీళ్ళు వచ్చాయట, తాత తూము చూసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద నడుం వాల్చి మళ్ళీ లేవలేదట. మేము చేరేసరికి ఆయనను వాకిట్లో పడుకోబెట్టారు. పాడె కడుతుండగా మిట్టమధ్యాహ్నం మబ్బు విడిపోయి ఒక్కసారిగా ఎండ కాసింది. వచ్చిన వాళ్ళందరి నీడలూ, ఒక్కటి కూడా తప్పకుండా, దక్షిణానికి తిరిగి పడుకున్నాయి. తాత పక్కన మూడు కట్టెలూ అలాగే పాతి ఉన్నాయి. ఎవరూ చూడకుండా ఆ రెండింటినీ తిరిగి మార్చేద్దామా అన్న ఆలోచన నాకు వచ్చింది, మారిస్తే తమ్ముడికి ఏమవుతుందో తోచి ఆగిపోయాను. నా పక్కకు ఎప్పుడు వచ్చిందో అమ్మమ్మ, ఏడుపు లేని కళ్ళతో నన్ను చూసి, పొట్టి కట్టెను తనే పెరికింది.

“ఇది నీ తమ్మునిది గాదు బిడ్డా. మీ తాతది. గాయన నాకు జెప్పిండు. గాయన ఎంబడే పోవాలె,” అని దాన్ని తీసుకుపోయి పాడె మీద ఆయన పక్కన పెట్టింది.

ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నదో, ఆ బరువు నాకు అప్పగించడానికి అన్నదో నలభై ఏళ్ళు దాటినా తేల్చుకోలేకపోయాను. అడిగే ధైర్యం వచ్చేనాటికి ఆమె కూడా లేదు.

లెక్క మాత్రం తర్వాత తేలింది. పెళ్ళయి ఈ వైపు వచ్చాక, కుట్టుమిషను దగ్గర టేపు చేతిలో ఉండగా, ఒకరోజు పాత తాటాకు పట్టీ అంకెలన్నీ తలచుకుని సున్నపు గోడ మీద బొగ్గుతో వేసి చూశాను. మన ప్రాంతంలో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పొడుగుదైనా పొట్టిదైనా అన్ని కట్టెల నీడా పోయేది ఆ ఒక్క రోజే. పొట్టి కట్టెకు ముందుగా పోయినట్టు కనిపించడం దాని మందం వల్ల. చిన్న నీడ కట్టె లావులోనే ఇమిడిపోతుంది, పెద్ద నీడ ఇమడడానికి ఇంకా నాలుగయిదు రోజులు పడుతుంది. అంతే. వరుస అంటూ ఏదీ లేదు. నేను కట్టిన లెక్క నా తమ్ముడికి జ్వరం తేలేదు, ఎండ తెచ్చింది. తాత కట్టె మార్చుకోవడం వల్ల పోలేదు, వయసు వల్ల పోయాడు. నాలుగుసార్లు సరిచూసుకున్నాను, ఎక్కడా పొరపాటు లేదు. అయినా ఆ తర్వాత వచ్చిన ఏ ఎండాకాలంలోనూ నా పిల్లల కోసం నేను ఒక్క కట్టె పాతలేదు. తమ్ముడు ఇప్పుడు ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి, వాడికి ఆ వేసవిలో తొక్కు అన్నం ఒక్కటే గుర్తు. కట్టెలు మార్చిన సంగతి నేను వాడికి ఇంతవరకు చెప్పలేదు.

ఇస్నాపూరులో ఆ వాకిలి ఉన్నచోట ఇప్పుడు వరసగా తొమ్మిది గదులు కట్టి కిరాయికి ఇచ్చారు. గదికి నలుగురు చొప్పున ఎక్కడెక్కడి పనివాళ్ళో ఉంటారు. మధ్యాహ్నమైందని ఫ్యాక్టరీ సైరను చెబుతుంది. లారీల మోతలో ఆ పాత నిశ్శబ్దం ఒక్క నిమిషం కూడా నిలవదు. పొద్దెంతైందో తెలుసుకోవడానికి ఎవరూ తమ కాళ్ళ దగ్గరకు చూసుకోరు, నీడ వచ్చినా పోయినా ఎవరికీ పట్టదు. ఒక విధంగా మంచిదే, భయపడేవాళ్ళు లేరు. కానీ మనల్ని మన పాదాలతో కొలిచి ఆరున్నర అని చెప్పే మనిషి కూడా లేడు, మన భయాన్ని విని నవ్వకుండా వంగి కట్టె పెరికే మనిషీ లేడు.

మొన్న కరెంటు పోయినప్పుడు పిల్ల ఇక ఆటలన్నీ అయిపోయాయా అని అడిగింది. ఇంకొకటుంది అన్నాను. నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు. మూల ఉన్న పాత దోమతెర కర్రలు రెండు తీసుకుని, ముందు పిల్లను గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి ఒకటి కోశాను. తర్వాత రెండోది నా కోసం కోశాను. పిల్ల రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూసి, అమ్మమ్మా, నువ్వు నాకంటే పొడుగు గదా, నీ కర్ర నా దానికంటే పొట్టిగ ఉందేంది అని అడిగింది. కొలత తప్పిందిలే అని చెప్పాను. ముప్పై ఏళ్ళలో నేను తెలిసి తప్పు కోసిన కొలత అదొక్కటే.